విండ్సర్‌లో ఓడిపోయిన చీతా

1764 జూన్ 30న ఇంగ్లండులో, విండ్సర్ పార్కులో, ఒక మగ దుప్పికీ ఒక చీతాకీ పోటీ పెట్టారు. దుప్పి అక్కడిదే. చీతా మాత్రం మద్రాసు మీదుగా వెళ్ళింది. మద్రాసు గవర్నరుగా చేసి 1763లో దిగిపోయిన జార్జ్ పిగట్ స్వదేశానికి వెళ్ళినప్పుడు మూడో జార్జి రాజుకి కానుకగా ఇచ్చిన జంతువు అది. దాన్ని సాకడానికి వెంట మనవాళ్ళు కూడా వెళ్ళారు. రాజుగారి బాబాయి కంబర్లండ్ డ్యూకుకి విండ్సర్‌లో జంతుశాల ఉండేది, చీతా అక్కడికి చేరింది. ఇండియాలో దీన్ని వేటకి వాడతారట కదా, చూద్దాం ఎలా వేటాడుతుందో అని అందరికీ సరదా పుట్టింది. చుట్టూ ఎత్తుగా వలలు కట్టారు. దుప్పిని లోపలికి వదిలారు. చీతా కళ్ళకి కట్టిన ముసుగు తీశారు.

చీతా దుప్పి మీదికి వెళ్ళింది. దుప్పి పరిగెత్తలేదు. కొమ్ములు దించి నిలబడింది. చీతా వెనక్కి తగ్గింది. మళ్ళీ వెళ్ళింది, మళ్ళీ తగ్గాల్సి వచ్చింది. ఆఖరికి దుప్పిని వదిలేసి, వల దాటి పక్కనున్న అడవిలోకి పోయి, అక్కడ మేస్తున్న వేరే రకం చిన్న జింకనొకదాన్ని చంపింది. సాకేవాళ్ళు వెతుక్కుంటూ వెళ్ళి పట్టుకొచ్చారు. అప్పటి పత్రికలు దాన్ని ‘టైగర్’ అనే రాశాయి. టైగర్ ఓడిపోతే ఎవరికైనా వార్తే.

పిగట్ ఈ సందర్భాన్ని బొమ్మగా వేయించుకున్నాడు. వేసినవాడు జార్జ్ స్టబ్స్. గుర్రాల కళేబరాలని నెలల తరబడి పొరలు పొరలుగా కోసి, కండరాలూ ఎముకలూ గీసి పుస్తకం వేసిన మనిషి. ఇప్పుడు ఆ బొమ్మ మాంచెస్టర్ ఆర్ట్ గ్యాలరీలో ఉంది. ఇద్దరు భారతీయులు, మధ్యలో చీతా. ఒకతను ఎర్ర ముసుగు పైకి తీస్తూ, నడుముకి కట్టిన ఎర్ర గుడ్డ పట్టుకుని ఉంటాడు. రెండో అతను చేయి చాచి దుప్పిని చూపిస్తుంటాడు. అంటే స్టబ్స్ గీసింది ఓటమికి ముందు క్షణం. డబ్బిచ్చి బొమ్మ వేయించుకునే పెద్దమనిషికి ఆ తర్వాతి క్షణం చూపించడం కష్టమేమో!

ఈ బొమ్మ మీద కళావిమర్శకులు చాలా రాశారు. వలస పాలన, కానుకల రాజకీయం, పేరు దక్కని ఆ ఇద్దరు మనుషులు - అన్నీ మాట్లాడుకోవాల్సిన సంగతులే. నన్ను మాత్రం పట్టుకున్నది చాలా చిన్న ప్రశ్న. ఆ చీతా ఎందుకు ఓడిపోయింది? జబ్బుపడ్డ జంతువు కాదు. అదే రోజు ఇంకో జింకని చంపింది కూడా. దీనికి జవాబు దాని ఒంట్లోనే ఉందనీ, ఆ ఒళ్ళు అర్థమైతే మన దేశంలో చీతా ఎలా అంతరించిందో కూడా కొంత అర్థమవుతుందనీ నా వాదన.

చీతా అనగానే మనందరికీ చిన్నప్పటి నుంచీ తెలిసిన ముక్క ఒకటే: గంటకి నూటపది, నూట ఇరవై కిలోమీటర్ల వేగం. బైకు బ్రోచర్లో వేసే టాప్ స్పీడ్ లాంటి అంకె ఇది. ఆ బండి మీద రోజూ అమీర్‌పేట దాటేవాడికి దాంతో పనేంటి? బ్రేకు ఎలా పడుతుంది, మలుపులో జారుతుందా - ఇవీ కావలసినవి. చీతాకీ అంతే. ఆలన్ విల్సన్ అనే శాస్త్రవేత్త బృందం బోట్స్వానాలో ఐదు చీతాల మెడలకి తాము తయారుచేసిన కాలర్లు కట్టి 367 పరుగులు నమోదు చేసి, 2013లో ‘నేచర్’ పత్రికలో ప్రచురించింది. అన్నిటిలోకీ ఎక్కువ వేగం గంటకి 93 కిలోమీటర్లు. అదీ ఎప్పుడో ఒకసారి. సగటు పరుగు 173 మీటర్లు, అంతే. నాలుగింట ఒక పరుగు మాత్రమే వేటగా ముగిసింది. వాళ్ళు తేల్చిన అసలు సంగతి ఏమిటంటే, వేట గెలిచేది గరిష్ఠ వేగం వల్ల కాదు. ఒక్కసారిగా వేగం అందుకోవడం, అంతకంటే ఒక్కసారిగా తగ్గించుకోవడం, జారకుండా మలుపు తిరగడం వల్ల.

దీని అవయవాలన్నీ ఆ పనికి తగ్గట్టే ఉంటాయి. పులికీ, చిరుతకీ, మన ఇంటి పిల్లికీ గోళ్ళు ఒరలో కత్తిలా లోపలికి పోతాయి. నడిచేటప్పుడు అరగవు, పట్టుకునేటప్పుడు వాడిగా ఉంటాయి. చీతాకి ఆ ఒర సరిగా లేదు. గోళ్ళు ఎప్పుడూ సగం బయటే ఉండి కుక్కగోళ్ళలా మొద్దుబారిపోతాయి. పిల్లిజాతి లెక్కన ఇది పెద్ద నష్టమే. కానీ పరుగుపందెం వాళ్ళ బూట్ల కింద మేకులుంటాయి చూడండి, ఇవి ఆ పని చేస్తాయి. వెన్ను విల్లులా వంగి సాగడంతో ఒక్కో అంగ ఆరేడు మీటర్లు పడుతుంది. ఒక్కో అంగలో రెండుసార్లు నాలుగు కాళ్ళూ గాల్లోనే ఉంటాయి. పొడవాటి తోక మలుపుల్లో ఒంటిని నిలబెడుతుంది. ముక్కు రంధ్రాలు పెద్దవి, గాలి బాగా పీల్చాలి కాబట్టి. ఆ గాలి గదులు చోటు తినేయడంతో పుర్రెలో కోరల వేళ్ళకి చోటు తగ్గింది. అందుకే కోరలు చిన్నవి. పులిలా ఒక్క పోటుతో మెడ విరిచే శక్తి లేదు. గొంతు పట్టుకుని, ఊపిరి ఆగేదాకా నిమిషాల తరబడి అలాగే ఉండాలి. ఆ నిమిషాల్లో ఎవరొచ్చినా - సివంగి, సింహం, చిరుత, ఆఖరికి మనిషి - నోటి దగ్గర కూడు వదిలేసి పోవాల్సిందే.

(కళ్ళ కింద కన్నీటి చారలు ఎండ తళుకు తగ్గించడానికే అని క్విజ్ పుస్తకాల్లో రాస్తారు. దానికి గట్టి రుజువేమీ లేదు. ఒళ్ళు వేడెక్కిపోయి వేట ఆపేస్తుందన్నది ఇంకో ముక్క. 1973లో ప్రయోగశాలలో ట్రెడ్‌మిల్లు మీద చీతాల్ని పరిగెత్తించి తేల్చిన సంగతి అది. 2013లో బయట తిరిగే చీతాల ఒంటి వేడి కొలిచి చూస్తే, అవి వేట ఆపేసింది వేడెక్కి కాదని తెలిసింది.)

ఇక అన్నిటికంటే ముఖ్యమైన అవయవం, అన్నిటికంటే తక్కువగా చెప్పుకునేది. ముందరి కాలి లోపలివైపు, నేలకి ఆనకుండా కాస్త పైన బొటనవేలులాంటి గోరు ఒకటుంటుంది. నేలకి తగలదు కాబట్టి అరగదు. మిగతావి మొద్దుబారినా ఇది కొక్కెంలా వాడిగానే ఉంటుంది. పరిగెత్తే జింక పక్కకి వచ్చి, తొడనో డొక్కనో ఈ కొక్కెంతో తగిలించి లాగుతుంది చీతా. అంత వేగంలో జింక అడుగు తప్పి దొర్లిపోతుంది. జింకని పడేసేది జింక వేగమే. నలభై యాభై కిలోల సన్నటి జంతువుకి అంతకంటే గట్టిగా పడేసే బరువు ఎక్కడిది?

అంటే ఎదుటి జంతువు పరిగెత్తితేనే ఈ యంత్రం పనిచేస్తుంది. దుప్పి నిలబడింది. తనకంటే మూడు నాలుగింతలు బరువున్న, నిలబడి కొమ్ములు దించిన జంతువుని చీతా చేయగలిగింది ఏమీ లేదు. కొక్కెం వేయడానికి అక్కడ వేగమే లేదు. విండ్సర్ పెద్దలు చూసింది చీతా చేతకానితనం కాదు. దక్కను బయళ్ళలో కృష్ణజింకకి ఎదురుగా అమరిన తాళంచెవిని ఇంకో తాళంలో పెట్టి తిప్పారు, అంతే.

ఆ అమరిక మనవాళ్ళకి బాగా తెలుసు. కల్యాణి చాళుక్య రాజు మూడో సోమేశ్వరుడు పన్నెండో శతాబ్దంలో రాయించిన ‘మానసోల్లాసం’లో చీతాతో జింకల వేట ఉంది. మన దేశంలో ఈ వేటకి దొరికే తొలి వివరణగా దాన్నే చెబుతారు. కల్యాణి అంటే నేటి బసవకల్యాణ్, 1956 దాకా హైదరాబాదు రాష్ట్రంలో ఉన్న ఊరే. అంటే ఇది మనం ఎరిగిన నేల మీది సంగతే.

తర్వాతి శతాబ్దాల్లో ఈ వేట చూసినవాళ్ళు రాసిన పద్ధతి దాదాపు ఒకటే. కళ్ళకి గంతలు కట్టిన చీతాని ఎడ్లబండి మీద కూర్చోబెడతారు. జింకలకి రోజూ చేలల్లో తిరిగే బండ్లు అలవాటే కాబట్టి బెదరవు. మనిషి నడిచొస్తే దూరంగా ఉండగానే పారిపోయే మంద, బండి వస్తే తలెత్తి చూసి మళ్ళీ మేస్తుంది. చుట్టూ తిరుగుతూ తిరుగుతూ బండి దగ్గరవుతుంది. నూరు, రెండు వందల గజాల్లోకి రాగానే గంతలు తీస్తారు. వేట పూర్తయ్యాక చీతా దగ్గరికి మెల్లగా వెళ్ళి, జింక గొంతు కోసి, ఆ నెత్తురు చెక్క గరిటెలో పట్టి దాని ముందు పెడతారు. అది గరిటె నాకుతుండగా మళ్ళీ గంతలు కట్టేస్తారు.

గమనించండి, అడవిలో చీతా వేటలో సగం పని దొంగచాటుగా దగ్గరవడం. గడ్డిలో తల దించుకుని, ఒక్కో అడుగే వేస్తూ, గాలి ఎటు వీస్తుందో చూసుకుంటూ. ఆ సగాన్ని ఎడ్లబండి తీసేసుకుంది. మిగిలిన రెండు వందల మీటర్ల కోసమే చీతాని పెంచారు. నా వృత్తిలో ఇలాంటిదాన్ని ఎపిఐ అంటాం: లోపల ఏముందో మనకక్కర్లేదు, ఫలానా పిలుపుకి ఫలానా ఫలితం వస్తే చాలు.

కానీ లోపల ఉన్నది తెలియకపోతే ఎలా? నెల్లూరులో డాక్టరుగా పనిచేసిన టి. సి. జెర్డన్ (మన కలివికోడికి ఇంగ్లీషులో ఈయన పేరే పెట్టారు) 1867లో వేసిన భారతీయ క్షీరదాల పుస్తకంలో చీతా వేటగాళ్ళ మాట ఒకటి నమోదు చేశాడు. చీతాని పెద్దయ్యాకే పట్టాలి. కూనగా పట్టి పెంచితే వేటకి పనికిరాదు, తల్లి దగ్గర నేర్చుకుని ఉండాలి. కాళ్ళూ వెన్నూ గోళ్ళూ అన్నీ ఉంటాయి, కానీ వేట రాదు. ఈ ఒక్క వాక్యంలో చీతా చావు రాసి ఉంది.

(జెర్డన్ పుస్తకంలో పేర్ల జాబితా కూడా సరదాగా ఉంటుంది. తెలుగులో ‘చీతాపులి’ అంటారట. కన్నడంలో ‘సివంగి’. ఇంతకుముందు నేను హైనా అనే అర్థంలో వాడానే, అదే మాట. ఇటుపక్క సివంగిలా దూకింది అంటే ఆడసింహమో ఇంకేదో అనుకుంటాం. మచ్చలది అనే అర్థమున్న ‘చిత్రక’ నుంచి వచ్చిన చీతాకీ, మన చిరుతపులికీ ఉన్న గజిబిజి ఇప్పటికీ తీరలేదు. 2022లో నమీబియా నుంచి చీతాలు వచ్చినప్పుడు మా టీములో ఒకతను “తిరుమల నడకదారిలో బోలెడున్నాయిగా, మళ్ళీ ఎందుకు తెప్పించడం?” అన్నాడు. పేపర్లో ‘చిరుతలు వచ్చాయి’ అని వేస్తే అతని తప్పేముంది.)

వేట నేర్చిన పెద్ద చీతాలే కావాలి. అవి అడవిలోనే దొరుకుతాయి. మరి పట్టడం ఎలా? ఇక్కడ దాని ఒళ్ళే దానికి శత్రువైంది. చీతాలు గోళ్ళు గీరుకోవడానికీ, వాసన గుర్తులు పెట్టడానికీ మళ్ళీ మళ్ళీ కొన్ని చెట్ల దగ్గరికే వస్తాయి. పట్టేవాళ్ళు ఆ చెట్టు వెతికి, జింక నరాలతో పేనిన ఉచ్చులు చుట్టూ పరిచేవాళ్ళు. ఇంకో పద్ధతి గుంటలు. లోతుగా తవ్వి పైన గడ్డి కప్పేవాళ్ళని, వాటిని ‘ఓది’ అంటారని ‘ఐనీ అక్బరీ’లో అబుల్ ఫజల్ రాశాడు. ఏనుగుల్ని పట్టే మన ఓదం గుర్తొచ్చింది నాకు. ఆ లోతుకి పడ్డ చీతాల కాళ్ళు విరిగిపోయేవట. అక్బరు తక్కువ లోతులో, తలుపు పడే కొత్తరకం గుంట కనిపెట్టాడని, మూడు నెలలు పట్టే మచ్చికని పద్ధెనిమిది రోజులకి తెచ్చాడని అబుల్ ఫజల్ మురిసిపోతాడు. ఆస్థాన రచయిత కాబట్టి కొంత తీసేసి చదువుకోవాలి. అయినా ఆ గుంట వివరం నాకు నిజమనే అనిపిస్తుంది. ఆ కాళ్ళ విలువ తెలిసినవాడు చేసే మార్పు అది.

అక్బరు చీతాల్లో సమంద్ మాణిక్ అనేదాన్ని పల్లకీలాంటి దాంట్లో ఊరేగించేవాళ్ళు, ముందు నగారా మోగిస్తూ. బహుశా చరిత్రలో ఏ జంతువు కాళ్ళకీ అంత మర్యాద దక్కలేదు. ఏ జంతువు కాళ్ళనీ అంతగా నడవనివ్వకుండానూ ఉంచలేదు. అక్బరు మొత్తం మీద వెయ్యి చీతాల్ని సేకరించాడని కొడుకు జహంగీరు తన జ్ఞాపకాల్లో రాసుకున్నాడు. అవి పిల్లల్ని కనాలని తండ్రి ఎంతో ఆశపడ్డాడనీ, తోటల్లో మెడపట్టాలు తీసి వదిలినా జతకట్టలేదనీ కూడా. జహంగీరు కాలంలో ఒక మగ చీతా పట్టా తెంచుకుని ఆడదాని దగ్గరికి వెళ్ళింది, రెండున్నర నెలలకి మూడు కూనలు పుట్టాయి. అది వింత కాబట్టే రాశాడు. ఆ తర్వాత బందీగా ఉన్న చీతా ఈనినట్టు మళ్ళీ నమోదైంది 1956లో, అమెరికాలోని ఫిలడెల్ఫియా జూలో. మధ్యలో మూడు వందల నలభై ఏళ్ళు.

ఏనుగునీ గుర్రాన్నీ కూడా రాజులు వాడుకున్నారు. గుర్రం సాలలో ఈనింది. చీతా ఈనలేదు. అందుకని రాజుగారి బండి ఎక్కిన ప్రతి చీతా అడవిలోంచి తీసేసిన ఒక చీతాయే, అదీ వేట వచ్చిన, ఈడొచ్చిన చీతా. ఒక ఆస్థానంలో వెయ్యి అనుకుంటే, తక్కిన ఆస్థానాలు, నవాబులు, జాగీర్దార్లు, ఎనిమిది వందల ఏళ్ళు. ఎంత పెద్ద ఖాతా అయినా జమ లేకుండా ఖర్చే రాస్తూ పోతే ఏమవుతుంది? దానికితోడు బ్రిటిష్‌వాళ్ళ కాలంలో క్రూరమృగం కింద చంపితే బహుమతులిచ్చారు. గడ్డి బయళ్ళని బంజరు కింద లెక్కకట్టి దున్నించారు. జింకలు తగ్గాయి. కేవలం రాజుల వేటవల్లే పోయిందనడం అన్యాయం, కానీ రాజుల వేటని ఏదో అందమైన సంప్రదాయంలా రాసే వ్యాసాలు ఈ లెక్క చెప్పవు.

బందీ చీతాల కథల్లో మన కోస్తాదీ ఒకటుంది. 1880లో విశాఖపట్నంలో గవర్నరు ఏజెంటుగా ఉన్న ఓ. బి. ఇర్విన్‌ని చీతా చంపింది. మన దేశంలో చీతా చేతిలో మనిషి చనిపోయినట్టు నమోదైన ఘటన అదొక్కటే. ఆ చీతా అడవిది కాదు, విజయనగరం రాజావారిది.

ఇరవయ్యో శతాబ్దానికి సంస్థానాధీశులకి వేటకి చీతాలు ఇక్కడ దొరక్క ఆఫ్రికా నుంచి ఓడల్లో తెప్పించుకున్నారు. ఇక 1947 చివర్లో, ఇప్పటి ఛత్తీస్‌గఢ్‌లో ఉన్న కొరియా సంస్థానంలో, మహారాజా రామానుజ్ ప్రతాప్ సింగ్ దేవ్ రాత్రిపూట బండిలో వెళ్తూ మూడు మగ చీతాల్ని కాల్చాడు. ఒక ఈతవే కావచ్చంటారు. పక్కపక్కనే ఉన్నాయి. వెలుతురు మీద పడుతుంటే పరిగెత్తలేదు. భారతదేశంలో నమోదైన చివరి చీతాలుగా వాటినే చెబుతారు. 1952లో ప్రభుత్వం అంతరించిందని ప్రకటించింది. అదే ఏడు బాంబే నాచురల్ హిస్టరీ సొసైటీ జర్నల్లో, అప్పటికి మద్రాసు రాష్ట్రంలో ఉన్న చిత్తూరు జిల్లాలో ఒక చీతా కనిపించిందని చిన్న నోటు అచ్చయింది. చివరి కబుర్లలో ఒకటి మనవైపు నుంచి వెళ్ళిందన్నమాట.

తాళంచెవి పోయింది, తాళం మిగిలింది. హైదరాబాదులో విజయవాడ హైవే పక్కనున్న హరిణ వనస్థలిలో (నిజాముల వేటస్థలమే అది) కృష్ణజింకలున్నాయి. ఒకసారి సాయంత్రం అక్కడ మంద ఒకటి రోడ్డు దాటడం చూశాను. దేనికి బెదిరాయో తెలీదు. ఒక ఇర్రి ఉన్నచోటనే నిలువెత్తు ఎగిరింది, తర్వాత మిగతావన్నీ ఒక్కొక్కటే ఎగురుతూ దాటాయి. కంచె అవతల లారీల హారన్లు. గంటకి ఎనభై కిలోమీటర్ల దాకా పరిగెత్తగల జంతువు అది. కుక్క కోసమో తోడేలు కోసమో అంత వేగం అక్కర్లేదు. విభజన తర్వాత కూడా ఆంధ్రప్రదేశ్ తన రాష్ట్ర జంతువుగా కృష్ణజింకనే ఉంచుకుంది. తెలంగాణ మచ్చల జింకని ఎంచుకుంది.

నమీబియా నుంచి 2022 సెప్టెంబరు 17న ఎనిమిది చీతాలు, తర్వాతి ఫిబ్రవరిలో దక్షిణాఫ్రికా నుంచి పన్నెండు మధ్యప్రదేశ్‌లోని కూనోకి వచ్చాయి. మన దగ్గర ఉండిన ఆసియా రకం ఇప్పుడు ఇరాన్‌లోనే, వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని. వచ్చింది ఆఫ్రికా రకం. కూనోలో కృష్ణజింకల బయళ్ళకంటే అడవి ఎక్కువ, అందులో మచ్చల జింకలెక్కువ. అయినా నవంబరులో పెద్ద ఆవరణలోకి వదిలిన ఒకటి రెండు రోజుల్లోనే రెండు మగ చీతాలు మచ్చల జింకని కొట్టాయి. పరిగెత్తే జంతువు దొరికితే ఆ కొక్కెం పనిచేస్తుందని తేలింది.

తేడా ఇంకోచోట వచ్చింది. 2023 వానాకాలంలో కొన్ని చీతాలు మెడ దగ్గర పుండ్లుపడి, పురుగుపట్టి, రక్తం విషమై చనిపోయాయి. ప్రాజెక్టుతో పనిచేసిన నిపుణులు చెప్పిన కారణం ఇది: భూమధ్యరేఖకి ఆ పక్కన జూన్ నుంచి సెప్టెంబరు దాకా చలికాలం. అక్కడి చీతాలకి ఆ నెలల్లో బొచ్చు దట్టంగా పెరుగుతుంది. ఇక్కడికొచ్చినా జూన్ రాగానే ఒళ్ళు బొచ్చు పెంచింది. ఇక్కడ జూన్ అంటే వాన. తడిసిన బొచ్చు రేడియో కాలర్ కింద ఆరలేదు. మిగిలినవాటిని తిరిగి ఆవరణల్లోకి తెచ్చి, కాలర్లు విప్పి, మెడలకి మందు రాశారు.